మలుపు దగ్గర బోర్డు

రామతులసి గారికి అబద్ధమాడటం చేతకాదు. చేతకాని పనిలో వేలు పెడితే ఎవరికైనా ఏమవుతుందో ఆవిడకీ అదే అయింది. ఒక్క అబద్ధం ఆడి, దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకో నాలుగు ఆడాల్సి వచ్చింది.

2006 వేసవిలో ఒకరోజు, గాంధీనగరంలో అష్ఫాక్ నడిపే నెట్ సెంటర్‌కి రేషన్ కార్డు జిరాక్స్ తీయించుకుందామని వెళ్ళింది. మిషన్ వేడెక్కేదాకా కూర్చోమన్నారు. పక్క క్యాబిన్‌లో ఎవరో కంప్యూటర్ మీద రైలు నడుపుతున్నారు. పక్కనుంచి చూసే రైలు కాదది. ఇంజను అద్దంలోంచి కనిపించే దారి. పట్టాలు రెండూ ఎదురొచ్చి కాళ్ళ కింద దూరిపోతున్నాయి. రామతులసి లేచి వెళ్ళి ఆ కుర్చీ వెనక నిలబడింది. ముప్ఫై ఏళ్ళు రైలు డ్రైవరు భార్యగా బతికిన మనిషి, ఆ దారిని ముందునుంచి చూడటం అదే మొదలు.

"ఏంటి బాబూ ఇది?"

"ట్రైన్ గేమ్ అమ్మా," అన్నాడు అష్ఫాక్. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. "డ్రైవర్ సీట్లో కూర్చున్నట్టే ఉంటది."

"ఎక్కడ అమ్ముతారు?"

"ఎవరికండీ?"

"మా మనవడికి," అనేసింది.

ఆవిడకి పిల్లలే లేరు. ఇక మనవడెక్కణ్ణుంచి ఊడిపడతాడు? కానీ అరవై దగ్గరపడ్డ మనిషి తనకోసం రైలాట కొనుక్కుంటానంటే నవ్వరూ? ఆ నవ్వుకి జడిసింది. ఏ క్లాసని అడిగితే టెన్త్ అంది. సిస్టమ్ ఉందా అంటే ఉందంది. పేరేంటంటే మాత్రం జిరాక్స్ మిషన్ వేడెక్కిందా అని మాట తిప్పేసింది.

ఆవిడకి ఆట అక్కర్లేదు. ఒక్క బోర్డు కావాలి. నిడమానూరు దాటాక ఉప్పులూరు ఇంకా రాకముందు, పట్టాలు కాలవ పక్కగా తిరిగే మలుపు దగ్గర హారన్ కొట్టమని చెప్పే బోర్డు, పసుపుపచ్చ రేకు మీద నల్లటి ఇంగ్లీషు డబ్ల్యూ, ఉండేదా లేదా అన్నది తెలియాలి. అంతే.

ఆ మలుపుకి ఎదురుగానే ఉండేది వాళ్ళ ఇల్లు. రామతులసి తండ్రి వెంకటప్పయ్య కట్టిన పెంకుటిల్లు. భర్త హనుమయ్య గుడివాడ వైపు ప్యాసింజర్లు నడిపేవాడు. డ్యూటీ బెజవాడలో ఎక్కినా కాపురం మాత్రం మామగారింట్లోనే. పెళ్ళయిన కొత్తలో, ఆయన బండి మలుపు తిరుగుతూ పొడుగ్గా ఒక హారన్ కొట్టేది. రామతులసి చేతులు తడిగా ఉంటే ఉన్నట్టే వాకిట్లోకి పరుగెత్తేది. ఇంజను కిటికీలో ఒక చెయ్యి కనిపించేది, ఆవిడా చెయ్యెత్తేది. అంతకుమించి ఏమీ లేదు. కొత్త పెళ్ళికూతురికి ఆ రోజుకి అది చాలు.

చుట్టుపక్కల ఆడవాళ్ళు "మీ ఆయన పిలుస్తున్నాడే" అని ఆటపట్టించేవాళ్ళు. అన్ని బండ్లూ అక్కడ కొట్టేవి కావు, కొందరు కొట్టేవాళ్ళు, కొందరు కొట్టకుండా వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మురిపెంలోనే ఒక మధ్యాహ్నం, భర్తకీ తండ్రికీ పక్కపక్కన పీటలు వేసి వడ్డిస్తూ నోరు జారింది.

"మలుపు దగ్గర ఆ కూత నాకోసమేనా?" అని అడిగింది.

హనుమయ్య ముద్ద కలుపుతూ తలెత్తలేదు. "అక్కడ బోర్డుంది. కొట్టాలి. రూలు," అన్నాడు.

"మరి అందరూ కొట్టరుగా?"

"కొట్టనివాళ్ళు రూలు తప్పుతున్నట్టు."

వెంకటప్పయ్య పెరుగు వేయమన్నాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. హనుమయ్య రూళ్ళ మనిషని లోకమంతా ఎరుగును. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తోటి డ్రైవర్లు ఆయన్ని చూసే అనేవాళ్ళు. అలాంటివాడు రూలు అన్నాడంటే రూలే. రామతులసికి ఒళ్ళంతా సిగ్గు కమ్మింది. ఇన్నాళ్ళూ బోర్డుకి కొట్టిన హారన్‌కి తను పరుగెత్తుకొచ్చి చెయ్యెత్తిందన్నమాట. ఊరు ఊరంతా చూసి నవ్వుకుందన్నమాట. మర్నాడు హారన్ మోగింది. ఆవిడ వంటింట్లోంచి కదల్లేదు. ఆ మర్నాడూ కదల్లేదు. ఆ తరవాత ఇక ఎప్పుడూ వెళ్ళలేదు.

ఎందుకు రావడం మానేశావని ఆయనా అడగలేదు. ఇద్దరూ ఇద్దరే. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మరి మొగుడు మాత్రం ఎందుకు చెబుతాడు? ఆయన రిటైరయ్యేదాకా ఆ హారన్ మాత్రం ఒక్కనాడూ తప్పలేదు. రామతులసి అది విన్నప్పుడల్లా, రూలు, అనుకునేది. గొడవల్లేని కాపురమే వాళ్ళది. ఒకే ఇంట్లో ఎవరి ఒంటరితనం వాళ్ళు మోసుకుంటూ బతికారు.

హనుమయ్య పోయి రెండేళ్ళయింది. ఇల్లు అమ్మేసి, సత్యనారాయణపురంలో ఒక పోర్షన్ అద్దెకి తీసుకుంది. అక్కడ బండ్ల చప్పుడు పగలూ రాత్రీ వినిపిస్తుంది, కానీ ఏ బండీ ఆవిడది కాదు. పలకరించేవాళ్ళు లేరు. పాలవాడితోనూ ఇంటివాళ్ళతోనూ మాట్లాడే రెండు ముక్కలే రోజు మొత్తానికి. అలాంటి ఖాళీలో పాత మాటలు పురుగుల్లా తొలుస్తాయి. నిజంగా అక్కడ బోర్డుండేదా?

రైలెక్కి కిటికీలోంచి చూసుకోవచ్చుగా అంటారు మీరు. చూసింది. వాళ్ళ పాత ఇల్లు కొన్నవాళ్ళు పక్క పొలాలు కూడా కొని వెంచర్ వేశారు. మలుపు దగ్గర కొత్తగా గేటు వచ్చింది, గేటు కోసం కొత్త బోర్డులూ పాతారు. పాతది ఉండేదో లేదో ఇప్పుడు నేలనడిగినా చెప్పదు. ఆయన తోటి డ్రైవర్లని అడగొచ్చుగా అంటారు. ఏమని అడుగుతుంది? "మా ఆయన నాకోసం హారన్ కొట్టేవాడా అన్నయ్యగారూ?" అనా?

అందుకే ఆ రోజు అష్ఫాక్‌ని అడిగింది, "ఇందులో మన గుడివాడ లైనుంటుందా?" అని.

"కంపెనీవాళ్ళు అమ్మే డబ్బాలో ఉండదమ్మా. అన్నీ ఫారిన్ లైన్లే, మంచు కొండలూ అవీ. కానీ మైలవరంలో పాలిటెక్నిక్ లెక్చరర్ ఒకావిడ ఉన్నారు, ఉషశ్రీ మేడమ్ అని. బెజవాడ నుంచి గుడివాడ దాకా మన లైను ఆవిడే సొంతంగా తయారుచేశారు. ఊరికే ఇస్తారు. కాకపోతే ఒరిజినల్ డబ్బా కొన్నవాళ్ళకే ఇస్తారు, కాపీ సీడీలోళ్ళకి చచ్చినా ఇవ్వరు. ఆవిడ పంతం అది."

"ఎప్పటి లైను? ఇప్పటిదా?"

"పాతదేనమ్మా. ఆవిడ గుడివాడలో పనిచేసినన్నాళ్ళూ రోజూ ఆ లైను ప్యాసింజర్‌లోనే తిరిగారంట. అప్పటిది."

రామతులసి ఇంటికొచ్చి ఆలోచనలో పడింది. ఎక్కడ కొనాలి? ఎలా కొనాలి? బందరు రోడ్డులో అద్దాల షాపుకి వెళ్ళింది. అక్కడి సేల్స్‌మన్ ఆవిడ వెనక ఎవరైనా ఉన్నారేమోనని మెడ సాచి చూశాడు. ఒరిజినల్ స్టాకు లేదనీ, హైదరాబాదు నుంచి తెప్పించాలనీ, రెండు మూడు వారాలు పడుతుందనీ చెప్పాడు. "మీ వాడి సిస్టమ్‌లో గ్రాఫిక్ కార్డుందాండీ?" అన్నాడు. ఆవిడకి తెలిసిన కార్డు రేషన్ కార్డొక్కటే. మళ్ళీ వస్తానని బయటపడింది.

వన్‌టౌన్ సందులో ఒక తోపుడు బండి మీద కాపీ సీడీలు పరిచి అమ్ముతున్నారు. బండివాడు ఏమీ అడగలేదు. ఆట, దానితోపాటే గుడివాడ లైను, రెండూ ఒకే సీడీలో ఉన్నాయన్నాడు. రామతులసి అక్కడ చాలాసేపు నిలబడింది. దొంగ సరుకని తెలుసు. హనుమయ్యయితే ఆ సందులోకి తొంగి కూడా చూడడు. కానీ ఒరిజినల్ కొంటే ఆ లెక్చరరమ్మకి మొహం చూపించాలి, ఎందుకని అడిగితే చెప్పాలి. ఇక్కడయితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఒక్కసారి చూస్తే చాలుగా, అనుకుంది. కొనేసింది.

మర్నాడు పొద్దున్నే, నెట్ సెంటర్‌లో ఇంకా జనం లేని వేళ చూసి అష్ఫాక్ చేతికిచ్చింది. "మావాడికి కొనే ముందు ఎలా ఉంటుందో చూద్దామని," అంది. అష్ఫాక్ సీడీని అటూ ఇటూ తిప్పి చూసి సిస్టమ్‌లో పెట్టాడు. బండి బెజవాడ వదిలింది. రామవరప్పాడు వెళ్ళింది, నిడమానూరు వెళ్ళింది. మలుపు వచ్చింది. రామతులసి కుర్చీ చేతులు పట్టుకుంది.

బోర్డు లేదు.

ఇన్నేళ్ళలో ఎన్నడూ లేని సంతోషం ఒక్కసారి పొంగింది. సరిగ్గా అప్పుడే అష్ఫాక్ విసుక్కున్నాడు.

"చూశారా అమ్మా, ఎంత అన్యాయమో. మేడమ్ పెట్టిన ఇళ్ళూ బోర్డులూ అన్నీ పీకేశారు. ఒక్క సీడీలో కుక్కాలని. రామవరప్పాడు గేటు దగ్గర కూడా బోర్డు లేదు, మీరు గమనించలేదు."

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. ఎక్కడా బోర్డులే లేని లైనులో మలుపు దగ్గర బోర్డు లేకపోతే దానికి విలువేముంది? ఆవిడకి ఏడుపొచ్చింది. అష్ఫాక్ చూడకుండా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఒరిజినలే తెప్పించు బాబూ. అడ్వాన్సు ఎంతో చెప్పు," అంది.

డబ్బా వచ్చేదాకా రోజులు నత్తనడక నడిచాయి. వచ్చిందని కబురు రాగానే, లైను సీడీ పట్టుకుని ఉషశ్రీ కూడా ఆదివారం వస్తానన్నదని అష్ఫాక్ చెప్పాడు. మనవణ్ణి కూడా తీసుకురమ్మందట, రైళ్ళంటే ఇష్టపడే పిల్లల్ని చూడటం ఆవిడకి సరదా అట.

ఆదివారం రామతులసి ఒక్కతే వెళ్ళింది. ఉషశ్రీకి నలభై లోపే ఉంటాయి. కాటన్ చీర, భుజానికి సంచీ, చకచకా మాటలు. "బాబేడండీ?" అంది వస్తూనే.

"లేడమ్మా. అసలే లేడు. నాకే కావాలి. మా ఆయన ఈ లైన్లో డ్రైవరు."

ఉషశ్రీ నవ్వలేదు. అష్ఫాక్ కూడా నవ్వలేదు, ఇంకో కుర్చీ తెచ్చి వేసి అవతలికి వెళ్ళిపోయాడు.

"రండి పిన్నిగారూ, మీరే నడపండి," అని ఉషశ్రీ ఆవిడ చేతిని కీబోర్డు మీద పెట్టింది. ఏది నొక్కితే బండి కదులుతుందో, ఏది నొక్కితే హారన్ మోగుతుందో చెప్పింది. రామవరప్పాడు గేటుకి ముందు పసుపుపచ్చ బోర్డు కనిపించింది. నిడమానూరు గేటు దగ్గర ఇంకోటి. ఒక్కో బోర్డుకీ ఉషశ్రీ మురిసిపోతూనే ఉంది. "ఉన్నది ఒక్కటీ వదల్లేదండీ. లేనిది ఒక్కటీ పెట్టలేదు. నాకు అనుమానం వచ్చిన చోటల్లా ట్రాక్ పనివాళ్ళని అడిగి మరీ పెట్టాను."

మలుపు వచ్చింది. కాలవ వచ్చింది. కాలవకవతల పెంకుటిల్లు వచ్చింది. అరుగూ వాకిలీ అన్నీ ఉన్నాయి. రామతులసి బండి ఆపేసింది.

"ఇక్కడ బోర్డుండాలి కదమ్మా," అంది.

"ఇక్కడా? లేదండీ. ఇక్కడ ఎప్పుడూ లేదు. నేను అడిగాను కూడా. ఎందుకంటే మేమెక్కే బండి ఇక్కడ రోజూ హారన్ కొట్టేది. బోర్డు లేదు, గేటు లేదు, పట్టాల మీద మనిషి లేడు, ఈయనెందుకు కొడతాడా అని మాకు ఆశ్చర్యంగా ఉండేది. మా లేడీస్ పెట్టెలో అందరం కిటికీల్లోంచి చూసేవాళ్ళం."

ఇన్నేళ్ళకి ఆ మధ్యాహ్నం రామతులసికి కళ్ళకు కట్టింది. పక్క పీట మీద తన తండ్రి. ముద్ద కలుపుతూ తలెత్తని ఆయన. మామగారు వింటుండగా, అవునే నీకోసమే అని ఏ మొగాడంటాడు? తండ్రి ఎదుట అడగాల్సిన మాటా అది? ఇద్దరే ఉన్నప్పుడు ఇంకొక్కసారి అడిగి ఉంటే అయిపోయేది. అడగలేదు. తెలివితక్కువది తనే.

"ఏం కనిపించేదమ్మా మీకు?" అంది చివరికి.

"ఏమీ లేదండీ. ఈ ఇల్లే. వాకిట్లో ఎప్పుడూ ఎవరూ ఉండేవారు కాదు. అందుకే నేనూ మనుషుల్ని పెట్టలేదు."

రామతులసి బండిని వెనక్కి తీసుకెళ్ళమంది. ఉషశ్రీ ఎందుకని అడక్కుండా నిడమానూరు దాకా వెనక్కి తీసుకెళ్ళి వదిలింది. బండి మళ్ళీ మలుపులోకి వచ్చింది. ఇల్లు కనిపించగానే రామతులసి హారన్ మీట నొక్కి పట్టుకుంది, ఆయన కొట్టినంత పొడుగునా. ఇంజను అద్దంలోంచి వాకిలి వంకే చూస్తూ కూర్చుంది.

వాకిట్లోకి ఎవరూ రాలేదు. బండి ఉప్పులూరు వైపు సాగిపోయింది.