గళ్ల పెట్టెలో ఖాళీ గడి

నిజామాబాద్ గంజ్ వెనక దశరథం ప్రెస్సులో గులాం చెక్క అక్షరాలు చెక్కేవాడు. అంతకుముందు అతను ఉర్దూ కాతిబు, అచ్చుకు చేతిరాత రాసేవాడు. పసుపుపచ్చ కాగితం మీద అతను రాసిస్తే, ఆ రాతను రాతిపలక మీదికి దింపి అచ్చువేసేవారు. రాష్ట్రం మారి తెలుగు వాడుక పెరిగాక ఆ రాతపని సన్నగిల్లింది. అప్పుడు దశరథం పిలిచి, పెళ్లిపత్రికల మీది పేర్లకు తెలుగు అక్షరాలు చెక్కమన్నాడు.

ఆ అక్షరాలకు తలకట్టు దగ్గర చిన్న ఆకు, చివర సన్నని తీగ ఉండేవి. గులాం వర్ణమాల మొత్తం ఎన్నడూ చెక్కలేదు. వచ్చిన పేరుకు ఏది తక్కువైతే అది చెక్కి, గళ్ల పెట్టెలో దాని గడిలో పెట్టేవాడు. ఊళ్లో ఎవరూ పెట్టుకోని పేర్ల అక్షరాలకు గడులు ఖాళీగానే ఉండేవి.

కొన్నేళ్లకు గులాం కళ్లకు మసక కమ్మింది. ఆ చలికాలమే మద్రాసు నుంచి పూలూ తీగలూ ఉన్న సీసపు అక్షరాలు దిగాయి. వాటికి చోటు చాలక, చెక్క పెట్టెను అటక మీదికి ఎక్కించాలనుకుంటున్నానని దశరథం మెల్లగా చెప్పాడు. పెట్టె పోతే తనకు మిగిలేది కాగితాలు మడిచే పనేనని గులాంకు తెలుసు.

అట్లాంటి రోజుల్లో కందకుర్తి లింబయ్య వచ్చాడు. బోధన్‌లో చెరుకు తూకం వేయించి, అటునుంచటే బస్సెక్కి వచ్చాడు. తమ్ముడు దేవన్న పెళ్లి. పిల్లది నది అవతలి ఊరు, పేరు రుక్మాబాయి. లింబయ్య గులాం అక్షరాలతో అచ్చయిన తన పెళ్లినాటి పత్రిక సంచిలోంచి తీశాడు.

"గవే అక్షరాలు గావాలె, గులాం చిచ్చా. మా అవ్వ గదే పట్టు వట్టింది."

పెట్టెలో అన్నీ ఉన్నాయి, 'క్మా' తప్ప.

"గదొక్కటి చెక్కియ్యి గులాం భాయ్. పెట్టె యాడున్నది ఆడనే ఉంటది" అన్నాడు దశరథం.

మామూలుగా గులాం పల్చటి కాగితం మీద రాసి, దాన్ని చెక్క మీద బోర్లా అతికించి, వెనక నుంచి కనిపించే తిరగేసిన గీతల వెంట ఉలి నడిపేవాడు. ఇప్పుడు కాగితం వెనక నుంచి గీత కనిపించడం లేదు. ఇంటి గడప మీద ఎండలో కూర్చుని, చెక్క మీదనే సిరాతో లావుగా రాసుకున్నాడు. కళ్లలో నీళ్లు కారినప్పుడల్లా ఆగుతూ చెక్కాడు. ఈ వయసులో ఎవరి పెళ్లికూతురి కోసం ఇంత తిప్పలని భార్య హుసేన్ బీ దెప్పి, తడిబట్ట తెచ్చి కళ్ల మీద వేసింది.

ప్రూఫు తీశారు. పేరులో అన్నీ కుదురుగా ఉన్నాయి. నడుమ ఒక్కటి మాత్రం అద్దంలో చూసినట్టు ఎదురు తిరిగి ఉంది. చెక్క మీద తిరగేసి రాయాల్సిన దాన్ని చెయ్యి వయసులో నేర్చినట్టే రాసింది, రాతిపలకకు దింపే కాగితం మీద రాసినట్టు తిన్నగా.

దశరథం నవ్వబోయి ఆగాడు. ఆ ఒక్కటి సీసంది పెడదామని, లింబయ్యకు తెలియదని అన్నాడు. గులాం ప్రూఫును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"వద్దు సేటూ. నడుమ పరాయిది పెడితే పిల్ల పేరుకు అతుకేసినట్టుంటది. రెండు పేర్లు సీసంలనే పెట్టు."

"మల్ల పెట్టె?"

"అటక ఎక్కియ్యి."

చెప్పిన రోజుకు లింబయ్య వచ్చాడు. పేర్ల మీద వేలితో తడిమాడు.

"గవే గద, చిచ్చా?"

"కావు. కొత్తయి. నా కండ్లు అయిపోయినయ్."

లింబయ్య పాత పత్రికను పక్కన పెట్టి చూశాడు.

"మా అవ్వకు గుడ మసకనే. తీగ ఉన్నది గద, సాలు" అని పత్రికలను తువ్వాలలో మూటగట్టుకుని బస్సుకు పోయాడు.

సాయంత్రం పెట్టెను ఎక్కించే ముందు గులాం అక్షరాలు ఒక్కొక్కటే తీసి, పగుళ్లు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచాడు. ఎదురు తిరిగిన దాన్ని కూడా తుడిచి, దాని గడిలో పెట్టి మూత వేశాడు. తరువాత గోడవార కూర్చుని కరపత్రాల కట్ట ముందుకు లాక్కున్నాడు. మడవడానికి కళ్లతో పని లేదు.