పెదరేవులో ఒక్క నిమిషం

డబ్బింగ్ అక్క పోయిందని సోమవారం పొద్దున ఫోను వచ్చేసరికి, నేను స్టూడియోలో ఆమె కోసమే మైకు సరిచేస్తున్నాను. ఆమె పొట్టి. మిగతావాళ్లు వాడిన మైకును ఆమె వచ్చేలోపు జానెడు దించి పెట్టడం నాకు అలవాటు. గుండెపోటట. మధురానగర్‌లో, తన ఇంట్లోనే, టీ పెట్టుకుంటూ ఒరిగిపోయిందట. ఫోను పెట్టేశాక కూడా మైకు దించాను. ఎందుకని నన్నడక్కండి.

మీరు ఆమె ముఖం ఎరగరు, గొంతు మాత్రం ఎరుగుదురు. తెర మీద కొడుకును చూసి గుమ్మంలోనే కూలబడ్డ తల్లులు, పరభాషా సీరియళ్లలో పాలల్లో విషం కలిపే అత్తలు, సబ్బు కొనమని బతిమాలే ఇల్లాళ్లు, అందరికీ ఆమే మాట్లాడింది. ఫిలింనగర్‌లో మా స్టూడియో ముందు పెద్ద పెద్ద కార్లు ఆగుతాయి. ఆమె ఆటోలో వచ్చేది. దిగగానే "ఏం అబ్బాయ్, టిఫినయిందా?" అనేది. నాకు యాభై దాటాయి, అయినా ఆమెకు అబ్బాయినే. చప్పుడు మైకులో పడకూడదని గాజులు తీసి నా బల్ల మీద పెట్టేది. "మిర్చి బజ్జీలు తినకక్కా, గొంతు ఖరాబైతది" అంటే, "గొంతు నాదా, నీదా?" అంటూ ఇంకోటి తీసుకునేది. సౌండ్ ఇంజనీరునని పేరే గానీ, నాకు వినడం నేర్పింది ఆమె. ఏడుపు సీను వస్తే, "ముందు ఊపిరి వినపడాలి అబ్బాయ్, ఏడుపు తర్వాత" అని చెప్పేది.

ఆమెకొక పట్టుదల ఉండేది. తెర మీద పెదవి కదిలితే మాట ఉండి తీరాలి. రాసిచ్చిన మాట చాలకపోతే ఒక "అయ్యో", ఒక "అది కాదండీ" తానే కలిపేసేది. "పాపం, నోరు తెరిచినమ్మను ఉత్తినే వదిలేస్తామా?" అనేది. ఆ అలవాటే ఒకసారి చిక్కు తెచ్చిపెట్టింది.

నిరుడు ఒక ప్రైవేటు కంపెనీవాళ్లు హైదరాబాదు నుంచి కోస్తాకు కొత్త రైళ్లు నడుపుతామని ప్రతిపాదన పెట్టుకున్నారు. పట్టాలు రైల్వేవి, రైళ్లు తమవి. పెద్దలకు చూపించడానికి ఒక చిన్న సినిమా తీయించారు. అందులో కంప్యూటర్‌లో గీసిన చీర కట్టుకున్న అమ్మాయి నమస్కారం పెట్టి, రైలు ఆగే స్టేషన్లు చెబుతుంది. బొమ్మ పెదవులేమో హిందీ మాటలకు కుదిర్చినవి. తెలుగులో రాసిచ్చిన పేర్లన్నీ అయిపోయినా బొమ్మ నోరు ఇంకా ఆడుతూనే ఉంది. అక్క తడుముకోలేదు. "తర్వాత వచ్చే స్టేషన్ పెదరేవు" అనేసింది. బొమ్మ నోరు సరిగ్గా అక్కడే మూతపడింది.

"అక్కా, గిదేంది? పెదరేవు యాడికెళ్లి వచ్చింది?" అన్నాను.

"మా ఊరబ్బాయ్. నోట్లోంచి అదే వచ్చింది, నేనేం చెయ్యను?"

వినడానికి జూబ్లీహిల్స్ ఆఫీసు నుంచి కంపెనీ మేనేజరు వచ్చాడు. ఆ మాట దగ్గర ఉలిక్కిపడ్డాడు. "మేడమ్, ఆ స్టాప్ మా ప్రపోజల్‌ల లేదు. అన్ని ఊళ్లల్ల ఆపుకుంట పోతే స్పీడ్ ఎట్లొస్తది మేడమ్?"

"అన్ని ఊళ్లూ అడిగానా బాబూ?" అంది అక్క. "మా అమ్మ పోయిందని తెలిసి ఎక్స్‌ప్రెస్సు ఎక్కాను. అది మా ఊరి మీదుగానే పోయింది. కిటికీలోంచి మా చర్చి కనబడింది, చర్చి ముందు జనం కనబడ్డారు. రైలు ఆగలేదు. ఆ తర్వాతి పెద్ద స్టేషన్లో దిగి, బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేసరికి మట్టి వేసేశారు. ఒక్క నిమిషం ఆగితే ఏం పోయేది, చెప్పు?"

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంచివాడే పాపం. "అడుగుత మేడమ్, మావోళ్లను గట్టిగనే అడుగుత" అన్నాడు. ఆ మాట మాత్రం తీసేయక తప్పలేదు. అక్క మారుమాట్లాడకుండా మళ్లీ చెప్పింది, ఆ ఖాళీలో "మీ ప్రయాణం సుఖంగా సాగాలి" అని పెట్టింది. గాజులు వేసుకుంటూ, "ఆ ముక్క చెరిపేయకు అబ్బాయ్. రేపు నిజంగానే ఆగితే పనికొస్తుంది" అంది.

చెరపలేదు, నా ఫోనులో దాచాను. అప్పటినుంచి వచ్చినప్పుడల్లా "మన రైలు ఏమైంది?" అని అడిగేది. మేనేజరుకు ఫోను చేస్తే, "అడిగినమన్నా, ఇంక ఏం తేలలే" అనేవాడు. ఆ రైళ్లు వస్తాయో రావో, వచ్చినా మనబోటివాళ్లు ఎక్కగలరో లేదో నాకు తెలియదు. ఆమెకు మాత్రం ఆగుతుందనే నమ్మకం.

మంగళవారం ఇక్కడే, హైదరాబాదులోనే సమాధి. పెదరేవులో అక్కకు తోడబుట్టిన పెద్దక్క ఉంది, బయల్దేరానని కబురు చేసింది. ఎదురుచూశాం. పాస్టరుగారు పదేపదే గేటు వైపు చూశారు. చీకటి పడుతోందని, ఇక ఆపలేమని సమాధుల తోటవాళ్లు చెప్పారు. అప్పుడు తల్లికి జరిగిందే ఇప్పుడు కూతురికీ జరుగుతోంది, నేను చూస్తూ నిలబడ్డాను.

మేం మధురానగర్ ఇంటికి తిరిగొచ్చి కూర్చున్నాక పెద్దక్క వచ్చింది. ఊళ్లో రైలు ఆగక, బస్సులు మారి మారి వచ్చిందట. అందరి ముఖాలూ చూసి, సంగతి తెలుసుకుని, చేతిసంచీ గోడకు ఆనించి కుర్చీలో కూలబడింది. నా వైపు తిరిగింది.

"ముఖం ఎలాగూ దక్కలేదు నాయనా. నీ దగ్గర దాని గొంతు ఉంటదంట కదా. అదన్నా వినిపించు."

ఏది వినిపించను? నా దగ్గరున్నవి ఎవరెవరో తల్లుల ఏడుపులు, ఎవరెవరో అత్తల తిట్లు. అక్క తన కోసం తాను అన్న మాట అదొక్కటే. ఫోను బల్ల మీద పెట్టి నొక్కాను.

"తర్వాత వచ్చే స్టేషన్ పెదరేవు."

పెద్దక్క వంగి, గోడకు ఆనించిన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. కొంగు సర్దుకుని, దిగడానికన్నట్టు కుర్చీ అంచుకు జరిగింది.