జోడీ లేని విగ్రహం

చౌరస్తాలో బొగ్గు కార్మికుడి విగ్రహం పెడుతున్నాం, బొమ్మ గీసివ్వమని కమిటీవాళ్లు అడిగితే ఎగిరి గంతేశాను. గోదావరిఖనిలో ఇరవై ఏళ్లుగా బడిపిల్లలకు మామిడిపండు, జెండా గీయడం నేర్పుతున్నదాన్ని. నా గీత ఒకటి నలుగురు నడిచే చోట నిలబడుతుందంటే ఆశ ఉండదా? "ఒక్కడు కాదు, ఇద్దరుండాలి," అన్నాను మొదటి రోజే. అందరూ తలూపారు.

ఇద్దరెందుకంటే, మా నాన్న బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, టబ్బులనే ఇనప బండ్లు నింపిన మనిషి. ఆ పని జోడీగా చేసేవాళ్లు. ఒకడు చెమ్మాస్‌తో, అంటే పారతో, బొగ్గు ఎత్తి తట్ట నింపుతాడు. నిండిన తట్టను ఇద్దరూ పట్టి లేపితే రెండోవాడు తలకెత్తుకుని టబ్బులో పోస్తాడు. నిండు తట్టను ఒంటరిగా తలకెత్తుకునే మొనగాడు ఏ బాయిలోనూ లేడు. నాన్న జోడీ మా పక్క క్వార్టర్ కాక, నాకు బాబాయి వరస. ఒక షిఫ్టులో పైకప్పు కూలి కాక పోయాడు, నాన్న బతికాడు. అప్పటినుంచీ క్రిస్మస్ నాడు మా ఇంటి కేకులో మొదటి ముక్క కాక ఇంటికి వెళ్లాకే మేం నోట్లో పెట్టుకునేది.

చెమ్మాస్ పట్టినవాడికి నాన్న ముఖం, తట్ట ఎత్తుకున్నవాడికి కాక ముఖం గీశాను. నాన్నకు చూపిస్తే, "మీ కాక ముక్కు గింత లావుండదు," అని తప్పు పట్టి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ముక్కు సరిచేశాను. ఇక ఆయనకు రోజూ అదే ధ్యాస. "జల్ది కానియ్యుండ్రి బిడ్డా. వాడు నా పక్కన నిలవడంగ చూసి పోవాలె."

కమిటీ పెద్ద ఎవరో కాదు, ఆ కాక కొడుకే. ఒకే వాకిట్లో పెరిగాం, అన్నా అనే పిలుస్తాను. బొమ్మ ఆయన చేతిలో పెట్టి గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాను. తర్వాత ఏం చేస్తున్నారని ఒక్కసారీ అడగలేదు. ఎంత తెలివితక్కువదాన్ని!

ప్రారంభం రోజు గుడ్డ లాగారు. ఒక్కడే ఉన్నాడు. నాన్న ముఖం, చేతిలో చెమ్మాస్, తలమీద నిండు తట్ట. కాక నిలబడాల్సిన చోట నల్లరాతి ఫలకం. దానిమీద బంగారు అక్షరాలతో విరాళమిచ్చిన కాంట్రాక్టరు పేరు, కింద కమిటీవాళ్ల పేర్లు, అందులో మొదటిది అన్న పేరు.

వేదిక వెనకాల అన్నను పట్టుకున్నాను. "కాక ఏడన్నా?"

"ఇద్దరికి పైసలు సరిపోలే చెల్లె. ఇచ్చినాయన తన పేరుకు జాగా అడిగిండు. ఏం జెయ్యాలె? మా నాయిన ఏమన్న అనుకుంటడా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

బయటికి వచ్చేసరికి నాన్న ఎదురుగా ఉన్నాడు. "నీ నాయినను ఉంచుకొని ఆళ్ల నాయినను తీసేసినవా?"

"నేను కాదు నాయినా. అన్ననే తీసేయించిండు."

నాన్న నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "కన్నతండ్రిని ఎవడన్న తీసేస్తడా? చెప్పేదాన్కి సిగ్గుండాలె."

అంతలో మైకులో నాన్నను పిలిచారు, పాత కార్మికుడికి సన్మానమని. అన్న శాలువా కప్పాడు. నాన్న ఆ రెండు చేతులూ పట్టుకుని, "మాఫ్ చెయ్యి కొడుకా, నా బిడ్డ తప్పు జేసింది," అన్నాడు. మైకు దగ్గరే ఉంది, అందరూ విన్నారు.

అన్న నావైపు చూశాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"పోనీ తియ్ పెద్దనాయినా," అన్నాడు. "తెల్వక చేసింది."