వేంకటాచలం గారి బావ

ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగి ధనరాజ్ ఆటో ఎక్కినవాడికి ప్రయాణంతో పాటు కథ ఉచితం. శ్రీకాకుళంలో దిగేలోపు, సీతంపేట కొండ దిగొచ్చిన ఏనుగుని ధనరాజ్ ఆటో హారనుతో తిరిగి కొండెక్కించిన సంగతో, భావనపాడు దగ్గర పడవ బోల్తా పడితే నోట్లో బీడీ తడవకుండా ఒడ్డుకి ఈదొచ్చిన సంగతో తెలుసుకుని మరీ దిగుతాడు. ధనరాజ్ పదో తరగతి పరీక్ష మధ్యలో లేచొచ్చేసిన మనిషి. ఎందుకని అడిగితే, ప్రశ్నపత్రంలో తప్పులుంటే దిద్ది మాస్టారి చేతిలో పెట్టి వచ్చేశానంటాడు. వినేవాళ్లకీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఒకరికి కాలక్షేపం, ఒకరికి గొప్ప. ఎవరి గంజీ ఒలికేది కాదు.

అతని కాపురం స్టేషన్ వెనక సందులో, రెండు గదుల పాత డాబాలో. ఇల్లు వేంకటాచలానిది. వేంకటాచలం ధాన్యం వ్యాపారి. చుట్టుపక్కల ఊళ్ల బస్తాల్లో ఆయన కాటా ఎక్కకుండా రైలెక్కేది తక్కువ. అంతటివాడు స్టాండు దగ్గర మోటారుసైకిలు ఆపి, పాసింజర్లందరి ముందూ, "ఏటి బావా, కులాసాయేనా?" అనేవాడు. ఇక ధనరాజ్ ఛాతీకి చొక్కా చాలేది కాదు. నిజానికి ఆ ఇద్దరిదీ ఒక కులం కాదు, ఒక ఊరు కాదు. చుట్టరికం కలపాలంటే సూర్యుడు పుట్టిన నాటి నుంచి వెతుక్కుంటూ రావాలి.

అద్దె మాత్రం నెల తప్పేది కాదు. ధనరాజ్ భార్య దుర్గాభవాని ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆమే ప్రతి నెలా వెళ్లి, వేంకటాచలం భార్య జగదీశ్వరి చేతిలో, వంటింటి గుమ్మం దగ్గర అద్దె పెట్టి వచ్చేది. ఇంట్లో దిగిన కొత్తలో ఒకసారి రసీదు అడిగింది.

"రసీదులు పరాయోల్లకి కదమ్మా. మీ ఆయన నాకు బావ," అన్నాడు వేంకటాచలం.

దుర్గాభవాని మొగుడి వంక చూసింది. మొగుడు సిగ్గుతో చచ్చిపోయాడు, తన వల్ల కాదు, ఆమె వల్ల.

"బావకీ బావకీ మజ్జిన రసీదులేటే? నలుగురూ ఇంటే నవ్వుతారు," అన్నాడు.

అలా రసీదు పోయింది. అంతటితో ఆగితే అతను ధనరాజ్ ఎందుకవుతాడు? బావ అన్నవాడు అద్దె పుచ్చుకుంటున్నాడంటే స్టాండులో పరువుండదు. అందుకని ఇంటికి ఎదురుగా టీకొట్టు నడిపే నరేష్ దగ్గర బల్ల మీద మఠం వేసుక్కూర్చుని ఒక కథ అల్లాడు. తిత్లీ తుపానప్పుడు వేంకటాచలం నాగావళి వరదలో కొట్టుకుపోతుంటే ధనరాజ్ దూకాడట. ఒక చేత్తో వ్యాపారినీ, ఇంకో చేత్తో ఆయన ధాన్యం బస్తానీ పట్టుకుని ఈదుకొచ్చాడట. "ఈ జన్మకి నీ దగ్గర అద్దె పుచ్చుకోను బావా, ఆ ఇల్లు నీదే అనుకో," అని వేంకటాచలం కాళ్ల మీద పడ్డాడట. ఆ తుపాను వారమంతా ధనరాజ్ విజయనగరంలో అత్తారింట్లో జ్వరంతో మూలుగుతూ, మూడు పూటలా మిరియాల చారు తాగుతూ ఉన్నాడు. అది వేరే సంగతి.

ఇంతలో డాబా వయసు బయటపడింది. ముందు సున్నం రాలింది. తర్వాత స్లాబు పెచ్చులూడి, లోపలి ఇనుపచువ్వలు తుప్పు పట్టి, బక్క గొడ్డు డొక్కల్లా కనబడ్డాయి. వానొస్తే గదిలో గిన్నెలన్నీ మంచం చుట్టూ కాపలా కాసేవి.

"మీ బావకి సెప్పవేటి? నెత్తి మీద పడ్డాక సెప్తావా?" అని దుర్గాభవాని రోజూ పోరేది.

ధనరాజ్ చెప్పాడు. "సూద్దాం బావా, వానలు ఎలిపోనీ," అన్నాడు వేంకటాచలం. వానలు వెళ్లిపోయాయి. "కోతలు అయిపోనీ బావా," అన్నాడు. కోతలూ అయిపోయాయి. ధాన్యం గోదాముకి మాత్రం కొత్త రేకులు పడ్డాయి. బస్తా తడిస్తే రంగు మారుతుంది. అద్దెకున్నవాళ్లు తడిస్తే ఏ రంగూ మారరు.

ఒక మధ్యాహ్నం దుర్గాభవాని మిషను మీద వంగి జాకెట్టుకి చేతులు అతికిస్తుండగా, సరిగ్గా ఆమె పైనున్న స్లాబు ముక్క ఊడి పడింది. తల తప్పింది. కుడి చెయ్యి తప్పలేదు. మిషను బల్లకీ ఆ ముక్కకీ మధ్య వేళ్లు నలిగిపోయాయి. ఆసుపత్రిలో కట్టు కడుతూనే నాలుగు వేళ్లు ఇక ముడుచుకోవని చెప్పారు. సూదిలో దారం ఎక్కించే వేళ్లు. ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి, ఎవరివో సగం కుట్టిన జాకెట్లు ఎడమ చేత్తో మడత పెట్టి, ఎవరి గుడ్డ వాళ్లకి పంపేసింది.

ఆ సాయంత్రం నరేష్ టీ ఇస్తూ అడిగాడు. "ఏటి బాబాయ్, స్లాబు పడిపోనాదట?"

బావ చేత నాలుగు తట్టల సిమెంటు వేయించలేకపోయానని ధనరాజ్ నోట ఎలా వస్తుంది?

"పడ్డమేటిరా? నానే కొట్టినాను. పైన ఇంకో అంతస్తు ఏద్దామని బావా నానూ అనుకున్నాం. గట్టిదో కాదో సూద్దామని ఒక్క సమ్మెట దెబ్బ ఏసినాను. నా దెబ్బకి ఏ స్లాబు ఆగుతాది?"

"మరి పిన్నికి తగిలినాదట కదా?"

"సిన్న దెబ్బలేరా. పట్టీ ఏసినారు."

దుర్గాభవాని ఈ మాటలు వినలేదు. ఆమె కట్టు కట్టిన చేత్తో తిన్నగా వేంకటాచలం కాటా దగ్గరకి వెళ్లింది. బస్తాలు మోసేవాళ్లందరూ చూస్తుండగా నిలబడి అడిగింది.

"ఇల్లు బాగుసెయ్యండి. నెలనెలా అద్దె పుచ్చుకుంటన్నారు కదా."

వేంకటాచలం కోప్పడలేదు. నవ్వాడు. "అద్దా? ఎవురు పుచ్చుకున్నారమ్మా? ఏ నెలలో, ఎవురు సూస్తండగా?"

మర్నాటి నుంచి కొళాయిలో నీళ్లు రాలేదు. ఆ మర్నాడు కరెంటు పోయింది. మీటరు దగ్గర ఫ్యూజు పీకేసి ఉంది. సందులోని మిగతా ఇళ్లన్నిటికీ దీపాలు వెలుగుతున్నాయి. దుర్గాభవాని ఎడమ చేత్తో స్టేషన్ పంపు నుంచి బిందె మోసింది. దారిలో జగదీశ్వరి ఎదురైంది. ఎన్నో నెలలు ఆ చేతి నుంచే అద్దె అందుకున్న మనిషి, ఆ చేతి కట్టు చూసి, "అయ్యో, ఎలగైందే అమ్మా?" అని, జవాబు వినకుండానే వెళ్లిపోయింది.

శ్రీకాకుళంలో విశాలి అనే లాయరు ఉంది. దుర్గాభవాని ఒకప్పుడు ఆమెకి నల్లకోటు సరిచేసి ఇచ్చింది. విశాలి అంతా విని, వాళ్ల భయం పోయేలా చెప్పింది. "రసీదు ఇవ్వాల్సింది ఆయన. ఇవ్వకపోవడం ఆయన తప్పు, మీది కాదు. నీళ్లూ కరెంటూ ఆపడానికి చట్టం ఒప్పుకోదు. మరమ్మతు చేయించాల్సిన బాధ్యతా ఆయనదే. మీరు అద్దెకి ఉన్నట్టు రుజువైతే చాలు, ఆ స్లాబు ఆయన చేతే వేయిద్దాం. అద్దె కట్టింది మీరు కాబట్టి కేసు మీ పేరనే వేస్తాను. సాక్షి ఎవరైనా ఉన్నారా?"

ధనరాజ్ కుర్చీలో నిటారుగా అయ్యాడు. "ఒక్కడేటి మేడమ్? ఆమదాలవలస అంతా సాచ్చమే. నా ఇంటి సంగతి తెలీనోడు ఉన్నాడేటి?"

ఎదురుగా కొట్టున్న మనిషి మంచి సాక్షి అని విశాలి నరేష్‌ని పిలిపించింది. నరేష్ సంతోషంగా వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని. పిన్నికి మేలు చేయాలనే వచ్చాడు. అయితే దేవుడి మీద ప్రమాణం చేశాక అబద్ధం ఆడితే కళ్లు పోతాయని వాళ్లమ్మ చిన్నప్పుడే చెప్పి ఉంచింది.

కోర్టులో ముందు దుర్గాభవాని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తర్వాత నరేష్ బోనెక్కాడు. ఆ కుటుంబం అక్కడే ఉంటోందని, స్లాబు పాతదని చెప్పాడు. వేంకటాచలం తరఫు వకీలు లేచి అడిగాడు.

"ధనరాజ్ అద్దె కడుతున్నట్టు మీతో ఎప్పుడైనా అన్నాడా?"

"లేదండి. కట్టక్కర్లేదని అన్నాడండి."

"ఎందుకట?"

నరేష్ విశాలి వైపు చూశాడు, ధనరాజ్ వైపు చూశాడు, పైన దేవుడి వైపు చూశాడు. నాగావళి కథంతా చెప్పేశాడు, ధాన్యం బస్తాతో సహా. కోర్టు హాలు గొల్లుమంది. తమాషా చూడ్డానికి వచ్చిన ఆటోవాళ్లు వెనక బల్లల మీద ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు.

"స్లాబు ఎలా పడిందన్నాడు?"

"సమ్మెటట్టుకుని తనే కొట్టినానన్నాడండి."

దుర్గాభవాని తల తిప్పి మొగుణ్ణి చూసింది. ఆ మాట ఆమె వినడం అదే మొదలు.

భోజనాల వేళ వరండాలో విశాలి ధనరాజ్‌ని పక్కకి లాగింది. "ఇంకా మించిపోలేదు. మీరు బోనెక్కి ఒక్క మాట చెప్పండి. 'అదంతా టీకొట్టు దగ్గర సరదాకి అన్నాను, ఒక్క ముక్కా నిజం కాదు' అనండి. తుపాను వారమంతా విజయనగరంలో ఉన్నారుగా, అది చెప్పండి. అంతే."

"అలగే మేడమ్. అదెంత పని?"

దుర్గాభవాని కుడి చెయ్యి అతని ముందు పెట్టింది. కర్రల్లా బిగుసుకున్న నాలుగు వేళ్లు.

"దీన్ని సూడు. సూసి ఎల్లు," అంది.

ధనరాజ్ చూశాడు. అతని కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ క్షణంలో అతను నిజమే చెబుదామనుకున్నాడు. అందులో అనుమానం లేదు.

బోనెక్కాక విశాలి అడిగినవాటికి బాగానే చెప్పాడు. మా ఆవిడే అద్దె ఇచ్చేదండి, నెలనెలా ఇచ్చేదండి అన్నాడు. అప్పుడు వేంకటాచలం వకీలు లేచాడు. గద్దించలేదు. గొంతు తగ్గించి, చేతులు కట్టుకుని, గౌరవంగా పలకరించాడు.

"ధనరాజ్ గారూ."

పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అతన్ని గారు అనలేదు.

"ఆ వరదలో మీరు చేసిన సాహసం ఈ జిల్లాలో ఇంకొకరు చేయగలరా? మా వేంకటాచలం గారు ఈ రోజుకీ తలుచుకుంటారు. అది అబద్ధమని మీ నోటితో మీరే అంటారా?"

వెనక బల్ల మీద వేంకటాచలం లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి, హాలంతా వినబడేలా అన్నాడు. "బావా! ఆ రోజు నువ్వు లేకపోతే నానీపాటికి సముద్రంలో ఉందును. ఆ ఇల్లు నీకు ఉత్తినే ఇచ్చినానా, లేదా?"

జడ్జి ఆయన్ని కూర్చోమని మందలించాడు. ఆటోవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. నోళ్లు తెరిచి ధనరాజ్‌నే చూస్తున్నారు. ఇన్నేళ్లలో అతని కథకి నిజమేనని ఒక మనిషి, అదీ వేంకటాచలమంతటి మనిషి, పదిమంది ముందు సాక్ష్యం పలకడం అదే మొదటిసారి.

ధనరాజ్ బోను కమ్మీ పట్టుకున్నాడు. "అదండి..." అన్నాడు. విశాలి తల ఊపింది, చెప్పండి అన్నట్టు. దుర్గాభవాని కదల్లేదు.

"అదండి... నిజవేనండి," అన్నాడు ధనరాజ్. ఒకసారి నోరు తెరుచుకున్నాక ఇక ఆగలేదు. నీళ్లు తాటిచెట్టంత ఎత్తున ఉన్నాయండి అన్నాడు. ఒక త్రాచు కూడా కొట్టుకొస్తుంటే దాన్నీ పక్కకి నెట్టానన్నాడు. నరేష్‌కి చెప్పినప్పుడు త్రాచు లేదు.

జడ్జి చెయ్యెత్తి ఆపాడు. "మీ భార్య ప్రతి నెలా అద్దె కట్టానన్నారు. అయితే ఆవిడ చెప్పింది అబద్ధమా?"

ధనరాజ్ ఆమె వైపు చూడకుండా గోడ వైపు చూశాడు. "ఆడోల్లు కదండి. ఏదో అనుకుంటారండి."

అద్దెకున్నట్టు రుజువు కాలేదని కేసు కొట్టేశారు. అద్దెకున్నవాళ్లకైతే చట్టం ఉంది. చుట్టపుచూపుగా ఉన్న బావకి ఏ చట్టమూ లేదు. వేంకటాచలం నోటీసు పంపాడు. ఖాళీ చేసిన రోజున స్వయంగా వచ్చి, మిషను ఆటోలోకి ఎత్తడానికి ఒక చెయ్యి వేశాడు కూడా. "జాగర్త బావా," అన్నాడు. వీళ్లు సందు మలుపు తిరగకముందే తాపీ మేస్త్రీలు నిచ్చెన వేసి డాబా ఎక్కారు. కొత్తగా దిగేవాళ్లు బ్యాంకు ఉద్యోగులు.

ధనరాజ్ మిషనునీ భార్యనీ ఆటోలో కూర్చోబెట్టుకుని ఊరంతా ఇళ్ల కోసం తిరిగాడు. రైల్వే గేటు అవతల మోహనకృష్ణకి గది ఖాళీ ఉంది. ఆయన గుమ్మంలోంచే నవ్వాడు.

"నువ్వు అద్దె కట్టవటగా అబ్బా? కోర్టులో నువ్వే సెప్పినావు."

"కడతానండి, నెలనెలా కడతాను!"

"ఇప్పుడు అబద్ధమా, అప్పుడు అబద్ధమా?"

తర్వాతి ఇంటావిడ పద్మకుమారి ఇంకా మర్యాదగా తలుపేసింది. "మా స్లాబు కొత్తది బాబూ. నీ సమ్మెటకి ఆగదు," అని లోపల్నుంచి వినబడింది.

బస్టాండు దగ్గర దుర్గాభవాని ఆటో ఆపమంది. రాజాం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. రాజాంలో ఆమె చెల్లెలు ఉంటుంది. సంచీ ఒకటి ఎడమ చేత్తో తీసుకుని దిగింది.

"మరి మిషనో?" అన్నాడు ధనరాజ్.

"నాకెందుకది? నీ కాడే ఉంచుకో. మీ ఆవిడ సెయ్యి ఎలగ పోనాదని ఎవురైనా అడిగితే, దానికీ ఒక కథ సెప్పుకో."

బస్సు ఎక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది.

స్టేషన్లో పలాస నుంచి వచ్చే పాసింజరు ఆగింది. ధనరాజ్ అలవాటుగా స్టాండులోకి వచ్చి వరసలో నిలబడ్డాడు. జనం దిగారు. అతని వెనక సీటు నిండా కుట్టుమిషను. ఎక్కడానికి చోటు లేక, వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక ఆటో ఎక్కి వెళ్లిపోయారు.