గూను లేదని నిరూపించుకున్న ఆదివారం

ఆ రోజుల్లో మనిషి ఎంత వంగితే అంత వేగంగా పోతాడని మా తరం కుర్రాళ్ళు గట్టిగా నమ్మేవాళ్ళు. ఎనభైల మొదట్లో, చిలకలూరిపేట దగ్గర ఒక పల్లెటూరి బళ్ళో నాకు కొత్తగా మేస్టరు ఉద్యోగం వచ్చినప్పుడు, మద్రాసులో ఉండే మా చిన్నమావయ్య తను తొక్కిన రేసు సైకిలు నాకు పంపించాడు. దాని హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంకీలు తిరిగి ఉండేది. అవి పట్టుకుని తొక్కితే గడ్డం పోయి ముందు చక్రానికి తగిలేంత పనయ్యేది. ఎదురుగా ఎవరొస్తున్నారో తెలిసేది కాదు, వాళ్ళ చెప్పులు మాత్రం బాగా తెలిసేవి. (మా హెడ్మాస్టరు గారిని ఆ ఏడాదంతా చెప్పులను బట్టే గుర్తుపట్టి నమస్కారం పెట్టాను.) నడుం విరిగిపోతున్నా, ఊళ్ళో అలాంటి సైకిలు ఇంకొకటి లేదన్న గర్వంతో ఓర్చుకున్నాను.

ఆ గర్వాన్ని మా మేనత్త వచ్చి దించేసింది. పర్చూరు వైపు ఒక చర్చి సంఘపెద్ద గారి కూతుర్ని అప్పుడు నాకు అడుగుతున్నారు. ఆ అమ్మాయి క్రిస్మస్‌కి మా చర్చిలో పాడుతుండగా చూశాను. (పాట ఒక్క ముక్క వింటే ఒట్టు.) చేసుకుంటే ఆ అమ్మాయినే చేసుకోవాలని ఆ పూటే తీర్మానించుకున్నాను. "కొంప మునిగిందిరా," అంది అత్త గుమ్మంలోనే కూలబడి. "పిల్ల నాన్న నువ్వు సైకిలు తొక్కుతుంటే రోడ్డు మీద చూశాడంట. 'అబ్బాయి బుద్ధిమంతుడేనమ్మా, గూను ఉన్న సంగతి మాత్రం చెప్పలేదే' అన్నాడు."

"గూనేంటత్తా! అది సైకిలు!"

"నాకు చెప్తే ఏం లాభం? ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రమ్మన్నాడు. సైకిలు మీదే వెళ్ళు, లేకపోతే గూను దాచాడంటారు. వాళ్ళ వీధిలో వంగావో, ఈ సంబంధం మర్చిపో."

శనివారం సాయంత్రం మా డ్రిల్లు మేస్టారు రంగంలోకి దిగాడు. (సైకిళ్ళు విప్పడంలో ఆయన దిట్ట. బిగించడం గురించి నన్నడక్కండి.) హ్యాండిలు ఊడదీసి తలకిందులుగా బిగించాడు. కొమ్ములు ఆకాశం వైపు లేచాయి. దాని కాడ పైకి లాగాడు, సీటు కాస్త దించి ముందుకు జరిపాడు. ఎక్కి చూద్దును కదా, ఎంత హాయి! కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని ఊరంతా చూశాను. మనుషులకి మొహాలు కూడా ఉన్నాయి! ఇబ్బంది ఒక్కటే. నిటారుగా కూర్చునేసరికి నా బరువంతా ఆ సన్నటి సీటు మీద పడింది. "దానిదేముందోయ్, మెత్త కుడదాం," అన్నాడు డ్రిల్లు మేస్టారు. నేను అద్దెకున్న ఇంటి వసారాలో పత్తి గుట్టగా పోసి ఉంది. ఇంటిగల పిన్నిగారినడిగి రెండు దోసిళ్ళు తీసుకున్నాం. మూలనున్న పాత గోతాం కోసి, పత్తి కూరి, సీటుకి తొడిగి కుట్టేశాం. కుడుతున్నంతసేపూ ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. కానీ మిరపకాయలు ఎండబోసే కాలంలో మా ఊళ్ళో తుమ్ముని ఎవరు పట్టించుకుంటారండీ? అక్కడ పసిపిల్లలు కూడా తుమ్ముకుంటూనే నిద్రపోతారు. అది నిరుడు మిరపకాయలు తొక్కి నింపిన గోతామని మా ఇద్దరికీ తట్టనేలేదు.

మర్నాడు తెల్ల ప్యాంటు వేసుకుని బయల్దేరాను. మొదట్లో మహారాజులా సాగిపోయాను. ఎండెక్కి చెమట పట్టేసరికి ఎక్కడో చిన్నగా చురుక్కుమంది. వాళ్ళ ఊరి పొలిమేర చేరేసరికి, బాబోయ్, పొయ్యి మీద కూర్చున్నట్టుంది! లేచి తొక్కుదామంటే వంగాలి. వంగితే గూను! అరుగు మీద పెద్దాయన, అదే పిల్ల నాన్న, నిలబడి నన్నే చూస్తున్నారు. ప్రాణం పోయినా సరేనని నిటారుగానే తొక్కాను. దిగుతూ సీటు ఒకసారి తడిమి, అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఇక చూడండి నా అవస్థ.

"కూర్చోండి బాబూ," అన్నారు పెద్దాయన.

"పర్లేదండి. పెద్దల ముందు కూర్చోవడం అలవాటు లేదండి."

ఆయన మొహం విప్పారింది. "ముందు ప్రార్థన చేసుకుందాం," అని పిల్ల నాయనమ్మగారు అన్నారో లేదో, అందరికంటే ముందు నేను మోకాళ్ళ మీద పడ్డాను. ఆవిడ ఆదాము దగ్గర మొదలుపెట్టారు. ప్రభువా, ఈవిణ్ణి తొందరపెట్టకు అని నేను లోపల వేడుకున్నాను. నా చెంపల మీద నీళ్ళు ధారలు కట్టాయి. "ఎంత భక్తి నాయనా!" అని ఆవిడ కూడా కళ్ళొత్తుకున్నారు. అంతలో ఆమేన్ అయిపోయింది. మళ్ళీ కుర్చీ! పళ్ళు బిగపట్టి నిలబడ్డాను. అప్పుడే మంచినీళ్ళు తెచ్చిన అమ్మాయి నా ప్యాంటు వెనక ఎర్రటి మరక చూసింది. గుమ్మం బయట సైకిలు సీటు వంక చూసింది. మిరప చేలల్లో పెరిగిన పిల్లకి వేరే చెప్పాలా? "నాన్నా, ఆయన్ని పెరట్లో కాళ్ళు కడుక్కోమనండి," అంది. వెళ్ళేసరికి స్నానాల తడిక వెనక గిన్నెడు చల్లటి మజ్జిగ, కొబ్బరినూనె సీసా సిద్ధంగా ఉన్నాయి. (తర్వాత ఏం జరిగిందో మర్యాదస్తులు అడగకూడదు.)

"అబ్బాయి వెన్ను రాట లాగుందమ్మా," అని పెద్దాయన మా అత్తకి కబురు చేశారు. సంబంధం ఖాయమైంది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆవిణ్ణి అడిగాను, మిరపకాయల మీద కూర్చుని వచ్చిన వాణ్ణి ఎలా ఒప్పుకున్నావని.

"అంత మంటలోనూ మీరు నవ్వుతూనే ఉన్నారు గదండీ. కష్టంలో నవ్వే మనిషైతే చాలనుకున్నా," అంది.

నేను నవ్వానా! అది పళ్ళు బిగపట్టడమండీ బాబూ! ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత నిజం కష్టాలు కూడా వచ్చాయి. వచ్చినప్పుడల్లా ఆవిడ ఎంతో నమ్మకంగా నా మొహం వంక చూసేది, నవ్వక ఏం చేస్తాను? అలా నవ్వగా నవ్వగా, ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నిజంగానే నవ్వొస్తోంది.