పైకి నెట్టిన చేయి

మొన్న పెద్దపల్లి కూరగాయల మార్కెట్లో చిక్కుడుకాయలు ఏరుకుంటుంటే ఒక పెద్దావిడ వచ్చి నా భుజం పట్టుకుంది. పక్కనున్న మనవరాలితో, "ఇగో, కడుపుల నిన్ను మళ్ల పైకి నెట్టిన సిస్టరమ్మ ఈమెనే" అంది. చిక్కుడుకాయలమ్మే ఆమె తూకం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

నేను ఆదిలాబాద్‌లో నర్సుగా ఉన్నప్పటి మాట అది. ఆవిడ తన కోడలిని బోథ్ దగ్గరి పల్లె నుంచి తొలి కాన్పుకు తీసుకొచ్చింది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. పొద్దుటి నుంచి ముక్కీ ముక్కీ కోడలు సోలిపోయింది. మధ్యాహ్నానికి బిడ్డ గుండె చప్పుడు తగ్గసాగింది. మా డాక్టరమ్మ బిడ్డ తలకు గాలి పీల్చి పట్టుకునే వాక్యూమ్ కప్పు పెట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా మెల్లగా లాగింది. ఒకసారి కప్పు జారింది. మళ్లీ పెట్టి మరో రెండు నొప్పులు చూసింది. తల వేలెడు కూడా కదల్లేదు. డాక్టరమ్మ కప్పు తీసి పళ్లెంలో పెట్టేసింది. నేను చాలామంది డాక్టర్ల దగ్గర పనిచేశాను. లాగడం అందరికీ వచ్చు, ఆపడం కొందరికే వస్తుంది. ఆపరేషన్ అనగానే కోడలు, "ఏదన్న చెయ్యుండ్రి మేడం, బిడ్డ బతకాలె" అంది.

బయట అత్తగారు మాత్రం దారికి అడ్డం నిలబడింది. "ఇంకొక్కపారి గుంజుండ్రి బిడ్డా. కోతెందుకు? నేను ఐదుగుర్ని కన్న."

"ఇంక గుంజితే బిడ్డకే దెబ్బ పెద్దమ్మా. జర నన్ను నమ్ముండ్రి," అంది డాక్టరమ్మ.

ఆవిడ ఒక్క క్షణం చూసి పక్కకు జరిగింది. "నడువుండ్రి మరి, నిలవడ్డరేంది," అని మమ్మల్నే గదమాయించింది.

థియేటర్లో ఇంకో చిక్కు. అంత కిందికి దిగి బిగుసుకున్న తల పైనుంచి డాక్టరమ్మ చేతికి అందలేదు. నేను కింది నుంచి చేయి పెట్టి అరచేత్తో మెల్లగా పైకి నెట్టాను. పొద్దుటి నుంచి కిందికి రమ్మని బతిమాలిన బిడ్డను పైకి పొమ్మనడం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పుడు ఊపిరి బిగబట్టాను. బయటికొచ్చిన బిడ్డ కాసేపు పలకలేదు. తుడిచి వీపు రుద్దితే, వరండా దాకా వినిపించేలా ఏడుపందుకుంది.

కప్పు పెట్టినచోట తల బొప్పిలా లేచింది. రెండ్రోజుల్లో పోతుందని చెబుతున్నా అత్తగారు వినకుండా, ఫోన్లో కొడుక్కి చూపించింది. "సూడురా, నీ బిడ్డ టోపీ పెట్టుకోనచ్చింది." అతను అక్కడ ఏడుస్తూనే నవ్వాడు. నేనప్పుడు గోడకు ఆనుకుని గడియారం చూశాను. కప్పు పళ్లెంలో పెట్టి గంట కూడా కాలేదు.

ఉద్యోగంలో అన్నేళ్లు ఎలా గడిచాయంటే సరిగా చెప్పలేను. ఆ గంటను అడగండి, ఏ నిమిషానికి ఆ నిమిషం చెబుతాను.