ఎడమ మలుపు మీద ఇనుప గీత

అన్న పోయిన తర్వాత అతని ఉద్యోగం నాకిచ్చారు. అతని మోటార్‌సైకిలూ నాకే వచ్చింది. బళ్లారి పక్కన కుడతినిలో మేముండే అద్దె ఇంటి నుంచి సండూరు మీదుగా యశ్వంతనగర్ ఇనుప గనుల దాకా అతను రోజూ పోయివచ్చిన దారే నా దారి అయింది. ఆ దారిలోనే, సండూరు కొండల్లో ఒక మలుపు దగ్గర, పని ముగించుకుని ఇంటికి వస్తూ అన్న పడిపోయాడు. బండి జారి అవతలి అంచు దాకా పోయింది. అతను మోరీ గోడకు తగిలాడు. వాన లేదు. ఎదురుగా లారీ రాలేదు. వెలుతురు ఇంకా ఉంది.

స్పీడు అన్నారు పోలీసులు. రోడ్డు మీద రాలిన ఖనిజం దుమ్ముకు జారాడేమో అన్నారు గనిలో అతనితో పనిచేసినవాళ్లు. నాయన మాత్రం ఏమీ అనలేదు. సిరుగుప్ప రైసుమిల్లులో బస్తాలు మోసి మోసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి ఆయన. మా అమ్మ చాలాకాలం కిందటే పోయింది. అన్నకు పెళ్లి కాలేదు. నేనప్పుడు రాయచూరు వైపు కరెంటు పనుల్లో ఉండి, ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవాణ్ణి. కాబట్టి ఆ ఇంట్లో చాలాకాలం వాళ్లిద్దరే ఉన్నారు. నేను తిరిగి వచ్చాక కూడా ఆ ఇల్లు వాళ్లిద్దరిదే అన్నట్టు ఉండేది. అన్న చొక్కాలు తాడు మీద అట్లాగే ఉండేవి. నేను వాటి పక్కన నావి ఆరేసుకునేవాణ్ణి.

గనికి పోయిన మొదటి పొద్దున గేటు దగ్గరి కావలి మనిషి దూరం నుంచి బండిని చూసి, చెయ్యెత్తి అన్న పేరుతో పిలిచాడు. నేను హెల్మెట్ తీశాను. ఆయన చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది.

"గాడి అదేనే కదప్పా" అన్నాడు బండిని చూపిస్తూ. నేను తలూపి లోపలికి పోయాను.

మొదట్లో ఆ మలుపు దగ్గర బండిని దాదాపు నడిపించుకుంటూ పోయినంత మెల్లగా పోయేవాణ్ణి. ఇంటికి వచ్చేటప్పుడు అది ఎడమ మలుపు. దారి కిందికి దిగుతూ తిరుగుతుంది. వెనక లారీవాళ్లు హారన్ కొట్టేవాళ్లు. రోజులు గడిచేకొద్దీ చేతులకు బండి అలవాటైంది. ఒక సాయంత్రం ఏదో ఆలోచనలో ఉండి, మామూలుగా అందరూ పోయే వేగంతో ఆ మలుపులోకి ఒరిగాను.

ఎడమ కాలి వెనక కర్రుమని ఇనుము నేలను గీరింది. ఆ వెంటనే బండి వెనక భాగం పక్కకు ఊగింది. ఎవరో కింద నుంచి భుజం పెట్టి లేపినట్టు అనిపించింది. ఎట్లా నిలదొక్కుకున్నానో తెలియదు. మోరీ దాటి బండి ఆపి, అక్కడే కూర్చున్నాను.

తర్వాత వెనక్కి నడిచిపోయి చూశాను. రోడ్డు మీద తెల్లగా కొత్త గీత ఒకటి ఉంది, నేను గీసింది. దాని పక్కనే, బెత్తెడు దూరంలో, పాత గీత ఒకటి ఉంది. లోతుగా, పొడుగ్గా ఉంది. ఎర్ర దుమ్ము దాంట్లోకి దిగి తుప్పు రంగు పట్టింది. నా గీత కొంచెం దూరం పోయి ఆగిపోయింది. పాతది మాత్రం ఆగకుండా అవతలి అంచు దాకా పోయింది.

ఆ రెండు గీతల మధ్య నిలబడ్డప్పుడు నాకు ఏడుపు రాలేదు. అన్న నా పక్కనే బండి మీద పోతున్నట్టు, ఇద్దరం ఒకేసారి ఒరిగినట్టు, నేను మాత్రం లేచి నిలబడినట్టు అనిపించింది. తిరిగి చూడడానికి భయం వేసింది.

ఆ చప్పుడు నాతో ఇంటికి వచ్చింది. నాయన ఇనుప కుర్చీని గచ్చు మీద జరిపితే నా ఒళ్లు జలదరించేది. పక్కింటివాళ్లు రేకుల తలుపు లాగినా, హోటల్లో గరిటె పెనం మీద గీసినా అదే చప్పుడు. ఒకటి గమనించాను. కుర్చీ చప్పుడుకు నాయన కూడా కళ్లు మూసుకునేవాడు. ఆయన ఆ చప్పుడు ఎక్కడ విన్నాడో నాకప్పుడు తెలియదు.

సెలవు రోజున బండిని కడిగి, పక్కకు వంచి, కిందంతా వెతికాను. వెనక కూర్చునేవాళ్లు కాలు పెట్టుకునే ఎడమ ఫుట్‌రెస్టు కొస ఏటవాలుగా అరిగి మెరుస్తోంది. అది ఉండవలసిన చోటు కంటే చాలా కిందికి వేలాడుతోంది. ఒక ఇనుప పట్టీ వేసి, దాని కింద వెల్డింగుతో అతికించారు. మామూలు ఫుట్‌రెస్టయితే నేలకు తగిలినప్పుడు పైకి మడుచుకుంటుంది. ఇది మడుచుకోదు. తగిలిందంటే బండినే పైకి లేపుతుంది. వెనక చక్రం రోడ్డును ఒక్క క్షణం వదిలితే చాలు. వెనక షాక్‌అబ్జార్బర్లు కూడా పొట్టిగా ఉన్నాయి. బండి అంతా వెనక్కి కూలబడ్డట్టు ఉంది.

అన్న బండి పనులన్నీ బళ్లారి కౌల్‌బజారులో ఒక పాత మెకానిక్ దగ్గర చేయించేవాడు. మేమిద్దరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. బండి తీసుకుపోయి ఆయన ముందు ఆపాను.

"ఈ షాకబ్సర్లు ఈ బండివి కాదు కదా ఉస్తాద్?"

ఆయన వెంటనే చెప్పాడు. "కాదు. చిన్న బండివి. నేనే ఏసినా. మీ అన్న అడిగె."

"ఎందుకడిగె?"

"నాయనకి కాలు పైకి లేయదు, సీటు కిందికి రావల్ల అనె. బళ్లారి ఆస్పత్రికి తీస్కొచ్చేదానికి శానా తిప్పలైతాండాదని. ఆ ఫుట్‌రెస్టూ నాయనకోసరమే. ఎడమ మోకాలు మడిస్తే ఆయన అరుస్తాండాడంట. కాలు చాపి పెట్టుకునేట్ల చెయ్యి అనె. మలుపుల్లో నిదానం అప్పా అని చెప్తి." ఆయన చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. "ఏమప్పా? దాని మూలానా పడింది?"

"తెల్దు ఉస్తాద్. రోడ్డు మీద గీత ఉండాది."

ఆయన స్టూలు మీద కూర్చుని తన చేతులనే చూసుకున్నాడు. నేనాయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. అన్న అడిగితే నేనైనా చేసిపెట్టేవాణ్ణి.

చివరికి ఆయనే లేచి, "రా, చూద్దాం" అన్నాడు. నన్ను బండి మీద కూర్చోబెట్టి, తాను పక్కన పట్టుకుని మెల్లగా ఎడమకు ఒరిగించాడు. ఇంకా ఎంతో ఒరగనే లేదు, ఆ ఇనుప కొస షాపు గచ్చుకు తగిలింది. టైరు అంచు ఇంకా నేలను ముట్టనే లేదు. మలుపులో పోయేటప్పుడు బరువు స్ప్రింగుల మీద పడి బండి ఇంకా కుంగుతుంది. అంటే అక్కడ ఇంతకంటే ముందే తగులుతుంది.

ఆ పట్టీ కోసేశాం. బండికి మొదట వచ్చిన లాంటి మడిచే ఫుట్‌రెస్టును దాని అసలు చోట బిగించాం. నా కాళ్ల కింది ఫుట్‌రెస్టులను కూడా కొంచెం పైకి, కొంచెం వెనక్కి జరిపాడు ఉస్తాద్. వెనక పొడుగు షాక్‌అబ్జార్బర్లు వేసి, ఇద్దరు కూర్చున్నా కుంగకుండా స్ప్రింగులు బిగించాడు. వెనక ఒక్కటే లేపితే ముందుభాగం తలవంచినట్టు అవుతుందని ముందు ఫోర్కులు కూడా విప్పి, కొత్త నూనె పోసి సరిచేశాడు. మళ్లీ ఒరిగించి చూశాం. ఈసారి చాలా దూరం ఒరిగింది. టైరు అంచు నేలను తాకింది. ఫుట్‌రెస్టుకూ గచ్చుకూ మధ్య ఆయన పిడికిలి పట్టేంత జాగా మిగిలింది.

"ఇంక తగల్దు" అన్నాడాయన.

ఇంటి ముందు బండి ఆపేసరికి నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఏమని చెప్పాలా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. షాక్‌లు పాతబడినాయి, మార్చినా అని చెబుదామనుకున్నాను. ఆయన కర్ర పట్టుకుని లేచి వచ్చి, సీటు మీద అరచెయ్యి పెట్టాడు. ఎత్తు తెలిసిపోయింది. వంగి వెనక ఫుట్‌రెస్టు కోసం తడిమాడు.

"అది కోసేస్తివా?"

"కోసేసినా నాయనా."

"గీరుకుంటాండెనా?"

నేను ఆయన ముఖంలోకి చూశాను. "నీకు తెలుసునా?"

"కొండ మీద గుడికి పోయి వస్తా ఉంటిమి, నేనూ వాడూ. దిగేటప్పుడు నా కాలి కిందనే గీరింది. ఏందిరా ఆ సద్దు అంటి. ఏం లే నాయనా, నీ బరువుకు రోడ్డు అరుస్తాండాది అని నగె." ఆయన సీటు మీంచి చెయ్యి తీయలేదు. "నాకు కాలు సుఖంగా ఉండె. తీసేయ్ రా అని అనల్యా."

దుమ్ము కూడా ఉండింటాది, ఏ జంతువో అడ్డం వచ్చింటాది, ఎవరికి తెలుసు నాయనా అన్నాను. అది అబద్ధం కూడా కాదు. ఆ సాయంత్రం అక్కడ ఏం జరిగిందో చూసినవాళ్లెవరూ లేరు. ఆయన విన్నాడో లేదో తెలియదు.

"ఆ తావుకు నన్ను తీస్కపో" అన్నాడు.

మరుసటి ఆదివారం పొద్దున బయలుదేరాం. కాని బండి ఎత్తయింది. ఆయన కాలెత్తబోయి ఎత్తలేకపోయాడు. మళ్లీ ప్రయత్నించి పళ్లు బిగించాడు. నాకు ఏం తోచక, బండిని ఇంటి మెట్ల పక్కకు ఆనించి నిలబెట్టాను. ఆయన గోడ పట్టుకుని పై మెట్టెక్కి, అక్కడి నుంచి కాలు చాపి, మోకాలు దాదాపు మడవకుండానే సీటు మీదికి జరిగాడు. ఒక్క నొప్పి మాట లేకుండా కూర్చున్నాడు.

బండి ఇంకా స్టార్టు చేయలేదు.

"ఈ మెట్లు వాడున్నప్పుడు కూడా ఉండె కదరా" అన్నాడు నాయన.

కిక్ కొట్టాను.

పోయేటప్పుడు అది కుడి మలుపు. ఏమీ మాట్లాడకుండా దాటించి, పైన ఖాళీ జాగాలో బండి తిప్పాను. దిగుతూ, అందరూ పోయే వేగంతోనే, ఎడమకు ఒరిగాను. నాయన రెండు చేతులూ నా భుజాలను గట్టిగా పట్టుకున్నాయి. నేను ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఆయన కూడా అదే చేస్తున్నాడని నా మెడ మీద ఆగిపోయిన ఊపిరిని బట్టి తెలిసింది. ఏ చప్పుడూ రాలేదు. ఇంజను, గాలి, అంతే. మలుపు అయిపోయింది. మాకు ఊరట కలగాలి. కాని ఆ నిశ్శబ్దంలో, బండి మీద ఇంతదాకా మాతో ఉన్న మనిషెవరో దిగిపోయినట్టు అనిపించింది.

మోరీ దగ్గర ఆపాను. నాయన గోడ మీద కూర్చుని, కర్ర కొసతో, నేను చూపించిన పాత గీత మీది దుమ్మును కొంత దూరం తీశాడు. ఒక ఖనిజం లారీ పోయింది. ఆ ఎర్రదుమ్ము మళ్లీ దాని మీద పడింది. ఆయన మళ్లీ తీయలేదు. తెచ్చుకున్న నీళ్లు తాగి, నాకిచ్చాడు. గోడ మీది నుంచే బండెక్కాడు.

దిగువకు పోతుంటే ముందు ఇంకో మలుపు కనబడింది. నాయన నా భుజం తట్టి, చాలా మామూలుగా అన్నాడు.

"పెద్దోడా, నిదానంగా పో."

నేను చిన్నోణ్ణి. ఆయన నన్నెప్పుడూ చిన్నోడా అనే పిలుస్తాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

"ఊ నాయనా" అన్నాను.

ఇప్పటికీ అంతే. ఇంట్లో నేను చిన్నోణ్ణే. బండెక్కితే పెద్దోణ్ణవుతాను. ఆస్పత్రికి పోయేటప్పుడు దారి పొడుగునా ఆయన అన్నతో మాట్లాడతాడు, ధరల గురించి, కాలువ నీళ్ల గురించి, చిన్నోడికి, అంటే నాకే, సంబంధం చూడాలన్న విషయం గురించి కూడా. నేను అన్న చెప్పేలాంటి జవాబులే చెబుతాను. ఆయన గొంతులో అప్పుడు ఉండే నెమ్మది ఇంకెప్పుడూ ఉండదు. బండి దిగాక ఆయన కర్ర అందిస్తాను. మళ్లీ చిన్నోడా అంటాడు. ఇద్దరం లోపలికి పోతాం.